నాపరాతి మీద రాజీ

నంద్యాల,
12 జూన్ 2025

గురవయ్యన్నా,

ఒక్క ప్రశ్న అడుగుతాను, తప్పించుకోకుండా జవాబు చెప్పు. రాతి మీద చెక్కిన మాట గట్టిదా, కాగితం మీద టైపు కొట్టిన మాట గట్టిదా? నలభై ఏళ్లు ఉలి పట్టిన మనిషివి. నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఎందుకు అడుగుతున్నానంటే, నిన్న నా రిపేరు అంగట్లో మోటారుకు తీగ చుడుతూ ఉంటే కానిస్టేబుల్ వచ్చి సమన్లు చేతిలో పెట్టాడు. ఆళ్లగడ్డ కోర్టులో జూలై మూడున హాజరు కావాలట. ముద్దాయి డేనియల్. ఫిర్యాది శిల్పి గురవయ్య. ఫిబ్రవరిలో నువ్విచ్చిన ఫిర్యాదును మార్చిలో మనం పాతిపెట్టాం కదా. లాజరు సమాధిలోంచి లేచి వచ్చాడంటే లోకం సంతోషించింది. ఇది లేచి రావడమేమిటి?

కోర్టులో ఎట్లా చెప్పాలో వరస పెట్టుకున్నాను. తప్పుంటే దిద్దు. మా ప్రార్థన షెడ్డుకు ప్రసంగ పీఠం చెక్కమని నీకు చెప్పాను. నున్నగా ఉండాలి, ఏ బొమ్మా వద్దన్నాను. నువ్వు అడుగున చుట్టూ తామర రేకులు చెక్కిపెట్టావు. తీసేయమంటే తీయనన్నావు. నేనే తీస్తానని నీ సుత్తి అందుకున్నాను. సుత్తి జారింది. రాతి పెచ్చు ఎగిరి నీ కుడి కనుబొమ్మ దగ్గర తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. నువ్వు పోలీసుల దగ్గరికి పోయావు, పోతూ పోతూ నేను వెంట తెచ్చుకున్న మైకు హారను చంకలో పెట్టుకుని పోయావు. నేనేమైనా ఊరుకున్నానా? హారను దొంగతనమని నంద్యాలలో నేనూ ఒకటి ఇచ్చాను.

అప్పుడు నీ పక్కింటి గాజుల అంగడి మాబున్నీ ఇద్దరినీ చెరో స్టూలు మీద కూర్చోబెట్టి రాజీ చేసింది. కాగితమైతే చెదలు తింటుంది, రాతి మీద చెక్కుదామని అన్నది నేనే. యాకోబూ, పిల్లనిచ్చిన మామ లాబానూ కొట్లాడుకుని సమాధానపడినప్పుడు రాళ్లు కుప్ప వేసి, ఈ కుప్పే మనకు సాక్షి అనుకున్నారు. వాళ్ల దారిలోనే మనమూ నడిచాం. నువ్వు బేతంచెర్ల నాపరాతి మీద చక్కగా మూడు వరసలు చెక్కావు:

సుత్తి జారి దెబ్బ తగిలింది, ఎవరి తప్పూ లేదు.
ఒకరి మీద ఒకరు ఇచ్చిన కేసులు ఇద్దరూ వదులుకున్నారు.
ఏడాది పాటు ఒకరి ముఖం ఒకరు చూడరాదు, ఫోనులో మాట్లాడరాదు, అవసరమైతే జాబు రాసుకోవాలి.

మూడోది మాబున్నీ పట్టుబట్టి పెట్టించింది. మనం ఎదురుపడితే నాలుగో మాటకు అరుపులేనని ఆమెకు తెలుసు.

ఇంక నాకు భయమేమిటి? ఆ బండే నా డాలు. కోర్టు ముందు నిలబెడతాను. నేరమెక్కడ ఉందో చూపించమంటాను.

వందనాలతో,
డేనియల్


ఆళ్లగడ్డ,
19 జూన్

డేనియలప్పకు గురవయ్య రాసేది,

జాబు చేరింది. రాయి గట్టిదే. కానీ దానికి నోరు లేదు.

నేను ఊరికే కూర్చున్నానని అనుకోవద్దు. ఏప్రిల్లోనే స్టేషనుకు పోయి, మేం రాజీ అయినాం, కేసు వద్దని చెప్పినాను. అక్కడ రాసుకునే ఆయన తల ఎత్తకుండానే అన్నాడు: “పెద్దాయనా, చార్జిషీటు పైకి పోయింది. కొట్టుకునేటప్పుడు మా కాడికి వస్తారు, కలిసినాక మాబున్నీ కాడికి పోతారు. ఇంగ కోర్టులో చెప్పుకో పో.” సరేలే, ఎప్పుడో పిలిస్తే అప్పుడు చూద్దామని వచ్చేసినాను.

హారను భద్రంగా ఉంది. మా ఎర్రకోడి అందులో గుడ్లు పెట్టి పొదుగుతోంది. పదకొండు గుడ్లు. అది లేచేదాకా నీకు ఇయ్యడం కుదరదు. నీ ప్రసంగాలు విన్న హారను కదా, కోడి కూడా కదలకుండా కూర్చుంటోంది. మనుషులే అట్లా కూర్చోలేదు ఎప్పుడూ.

బండ మాబున్నీ అంగడి ముందర మెట్టు కింద ఉంది. గాజులు కొనడానికి వచ్చినోళ్లు మన రాజీ మీద చెప్పులు విడుస్తున్నారు. కావాలంటే తీసుకుపో. నేను మాత్రం కోర్టుకు రాను. మూడో వరస నేనే చెక్కినాను. చెక్కిన చేత్తో తప్పలేను.

పీఠం పని అయిపోయింది. నువ్వు విరగ్గొట్టిన రేకు అట్లే ఉంచినాను.

గురవయ్య


నంద్యాల,
5 జూలై

అన్నా,

మొన్న జరిగింది చెబుతాను, నవ్వకుండా చదువు.

బండను మాబున్నీ మెట్టు కింది నుంచి పెరికి, ఆటోలో వేయించి, కోర్టు దాకా తెచ్చాను. నలుగురు పట్టి దింపారు. గుమ్మం దగ్గర బంట్రోతు అడ్డం పడి, “ఏందప్పా ఇది? ఎవురి సమాధి రాయి?” అన్నాడు. ఇది నా విమోచన పత్రం నాయనా అన్నాను. పక్కకు జరిగాడు, భయపడో, జాలిపడో.

నా పేరు పిలిచారు. మేజిస్ట్రేటు అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మూడు వరసలూ చదివింది. చెక్కడం బాగుందని మెచ్చుకుంది కూడా. నీకు చేరవేయమంటే చేరవేస్తున్నాను. సందు దొరికింది కదా అని యాకోబు, లాబాను సంగతి ఎత్తుకున్నాను. వాళ్లు కలుసుకున్న గిలాదు కొండ నేను ఎక్కకముందే ఆమె చెయ్యెత్తి ఆపింది.

ఆ తర్వాత ఆమె చెప్పింది నా తలలోకి ఎక్కలేదు. బయట వరండాలో వకీలు ప్రేమ్ సాగర్ మళ్లీ విడమరిచి చెప్పాడు. బయట మనం ఎంత గొప్పగా రాజీ పడినా, కాగితం మీద రాసుకున్నా, రాగిరేకు మీద రాసుకున్నా, అంతటితో కేసు చావదట. దెబ్బ తిన్న మనిషి స్వయంగా కోర్టుకు వచ్చి, నాకు ఇష్టమయ్యే రాజీ పడ్డాను, ఎవరూ బెదిరించలేదు అని నోటితో చెప్పాలి. అప్పుడే కోర్టు ఆ రాజీని రాసుకుని కేసు కొట్టేస్తుంది. “చిన్న దెబ్బేగా. ఆయనొచ్చి రెండు ముక్కలు చెప్తే పది నిమిషాల పని. ఆయన రాకపోతే నీ బండ మీద కూచోని టీ తాగల్ల, అంతే” అన్నాడు. నిజంగానే, ఇప్పుడు కోర్టు వరండాలో దాని మీద కూర్చుని జనం టీ తాగుతున్నారు.

చూశావా అన్నా మన తెలివి? నన్ను కాపాడాల్సిన బండే నిన్ను గడప దాటనివ్వడం లేదు. రెండో వరస కేసు వదులుకున్నామంటుంది, మూడో వరస వచ్చి ఆ మాట చెప్పొద్దంటుంది.

వాయిదా ఆగస్టు ఇరవై ఒకటిన. నేను మొహం మీద కండువా కప్పుకుని గోడ వైపు తిరిగి నిలబడతాను. నువ్వు వచ్చి రెండు ముక్కలు చెప్పి పో. మూడో వరస చెడదు, కేసూ పోతుంది.

ఇంకో మాట. ఏమిటి నీ రాత? వరసలు కుడి పక్కకు కొండ ఎక్కుతున్నాయి. అక్షరం మీద అక్షరం పడింది. నాపరాతి మీద ముత్యాల్లా చెక్కే మనిషివి, కాగితం దగ్గరికి వచ్చేసరికి ఇంత బద్ధకమా?

డేనియల్


ఆళ్లగడ్డ,
14 జూలై

డేనియలప్పకు,

కండువా కప్పుకుంటే నువ్వు నన్ను చూడవు. నేను నిన్ను చూడనా? వరసలో ఒకరి ముఖం ఒకరు అని ఉంది. కుదరదు.

రాతకేముంది, కాగితం మెత్తన. చెయ్యి అలవాటు లేదు.

పనులు నడుస్తున్నాయి. అహోబిలం దారిలో కొత్త గుడికి నరసింహస్వామి విగ్రహం పోయిన వారం పంపించినాను. కళ్లు మా తమ్ముడు తెరిచినాడు. వాడూ నేర్చుకోవాలి కదా. కోడి లేచింది, తొమ్మిది పిల్లలు. కానీ అవి సందేళకు హారన్లోకే దూరుతున్నాయి. ఇంకొన్నాళ్లు ఆగు.

తామర సంగతి ఒకటి చెప్పాలి. ఫిబ్రవరిలో చెప్పనియ్యలేదు నువ్వు. ఇరవై ఏళ్ల కిందట రుద్రవరంలో నువ్వు మైకు పెట్టి చెబుతుంటే నేను ఆ పక్కనే రోళ్లకు గంట్లు పెడుతున్నాను. సొలొమోను రాజు గుడి కట్టించినాడు, వాకిట్లో రెండు స్తంభాలు నిలబెట్టినాడు, వాటి తలల మీద తామర పూల పని చేయించినాడు అని అరిచినావు. ఆ పనివాడు ఎట్లాంటివాడో అని నాకు ఆశ పుట్టింది. ఈ మనిషికి ఏదన్నా చెక్కాల్సి వస్తే తామర పెట్టాలని ఆ రోజే అనుకున్నాను. పెట్టినాను. నీ సొంత మాటే నీ పీఠానికి చుట్టినాను, అంతే.

కోర్టుకు రాలేను. అడగొద్దు.

గురవయ్య


నంద్యాల,
24 జూలై

గురవయ్యన్నా,

నీ జాబు చదివి గ్రంథం తెరిచాను. రాజుల కథల్లో, నువ్వు చెప్పిన చోటే ఉంది. స్తంభాల మీద తామర పూలు. ఇత్తడి తొట్టి అంచు కూడా తామర పువ్వు లాగే ఉందట. ఈ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా ఎన్నిసార్లు చదివానో అందరికీ చెప్పుకుంటాను. ఎవరి సాయం లేకుండా నేర్చుకున్నానని కూడా చెప్పుకుంటాను. చదివిందీ నేనే, మైకులో అరిచిందీ నేనే, మరిచిందీ నేనే. రోళ్లకు గంట్లు పెట్టుకునే మనిషి మాత్రం గుర్తుపెట్టుకున్నాడు. మా షెడ్డులో ఈ సంగతి చెప్పేటప్పుడు నీ పేరు చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. చెప్పాను. ముందు వరసలో ముసలమ్మలు నవ్వారు.

ఆ నవ్వు నాకు హాయిగానే ఉంది. సమన్లు వచ్చిన దగ్గర నుంచి వాళ్లు నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. దోషి అని తేలితే ముప్పై ఏళ్లుగా నిలబడిన చోట ఇంక నిలబడలేను. వాళ్లు పొమ్మనరు. నాకే నోరు రాదు. నువ్వు రెండు ముక్కలు చెబితే పోయేదానికి ఇంత పంతమేమిటన్నా?

నిజం చెప్పనా, పంతం అనుకుని నాలుగు రోజులు నిన్ను తిట్టుకున్నాను. ఐదో రోజు నీ జాబు మళ్లీ చదివాను. కళ్లు మా తమ్ముడు తెరిచినాడు అని రాశావు. నాకు తెలిసిన గురవయ్య విగ్రహం ఒళ్లంతా ఎవరి చేత అయినా చెక్కిస్తాడు గానీ, కళ్లు తెరిచే రోజు తలంటు పోసుకుని తానే ఉలి పట్టుకుంటాడు. జొరంతో వణుకుతూ కూడా తానే పట్టాడు ఒకసారి, నేను చూశాను. కొండ ఎక్కే రాత ఒకటి. తమ్ముడికి ఇచ్చిన కళ్లు ఒకటి. ఆదాము చెట్ల చాటున దాక్కుంటే దేవుడు అడిగిన మాటే నిన్ను అడుగుతున్నాను: ఎక్కడున్నావు? ఏం దాస్తున్నావు?

డేనియల్


ఆళ్లగడ్డ,
14 ఆగస్టు

డేనియలప్పకు,

ఈ జాబు నేను చెబుతుంటే మాబున్నీ రాస్తోంది. చేతికి చిన్న దెబ్బ తగిలింది, అందుకు.

(అన్నా, నేను మాబున్నీని. చేతికి ఏ దెబ్బా లేదు. నేను రాసేది ఆయప్ప చదవలేడు కాబట్టి మధ్య మధ్యలో నా మాటలు కూడా రాస్తాండా.)

ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు. కోడిపిల్లల్లో రెండు గద్ద ఎత్తుకుపోయింది. ఏడు ఉన్నాయి. హారను కడిగి పెట్టినాను.

(కడిగింది నేను.)

ఇరవై ఒకటిన కోర్టుకు రాలేను. జొరంగా ఉంది.

(జొరమూ లేదు గిరమూ లేదు. కుడి కన్ను పోతాంది. జూన్ నుంచి కంట్లో నల్ల చుక్కలు తిరుగుతాండాయంట. ఇప్పుడు పక్క నుంచి నల్లగుడ్డ దించినట్టు సగం మూసుకుపోయింది. ఎడమ కంటికి అక్షరాలు ముందు నుంచే సరిగ్గా ఆనవు. ఈ నెల మొదట్లో చెయ్యి పట్టుకుని ఈడ డాక్టరు కాడికి తీసుకపోయినా. ఆ రోజు తగిలిన దెబ్బకే లోపల పొర ఊడిపోతాంది, నంద్యాలకు పోయి ఆపరేషన్ చేయించుకో, ఆలస్యం చేస్తే చూపు తిరిగి రాదన్నాడు. నిన్న మళ్లీ చూసి నన్ను తిట్టినాడు.)

నువ్వు నా మీద ఏమీ మనసులో పెట్టుకోవద్దు. వాయిదా మళ్లీ పడుతుంది. ఎప్పుడో ఒకప్పుడు వస్తాను.

(రాడు. ఎందుకు పోవు ఆస్పత్రికి అని నేను కొట్లాడితే ఏమన్నాడో ఆయప్ప మాటల్లోనే రాస్తాండా: “ఎట్లా తగిలిందని అడుగుతారు మాబున్నీ. కాగితం రాస్తారు. ఆ కాగితం కోర్టుకు పోతే చిన్న దెబ్బ కాస్తా పెద్ద దెబ్బ అయితాది. అప్పుడు నేనొచ్చి రాజీ అన్నా వినరు. డేనియలు జైలుకు పోతాడు. నాకింకో కన్నుంది.” కోర్టుకు రానిది కూడా ఇందుకే. ఆడ కన్ను కనపడతాదని. మూడో వరస అంతా సాకు. నీకు ఫోన్ చెయ్యనని నా చేత ఒట్టు పెట్టించుకున్యాడు. జాబులో రాయొద్దని ఒట్టు పెట్టించుకోలేదు.)

బండ మీద చెక్కింది చెక్కినట్టే ఉండనీ. సుత్తి జారింది. అంతే.

(ఈ మాట చెప్పేటప్పుడు ఆయప్ప కొంచెం నవ్వినాడు. ఎందుకో నాకు తెలీదు. నీకు తెలిసుంటాది.)

ఇట్లు,
గురవయ్య


ఆళ్లగడ్డ, మాబున్నీ అంగడి,
నీ గోడకు ఇవతల,
18 ఆగస్టు, మధ్యాహ్నం

అన్నా,

ఇది మాబున్నీ నీకు చదివి వినిపిస్తుంది. మధ్యలో తన మాటలు కలపకుండా చదవమని చెప్పాను. కలిపితే కలపనీ.

నీ జాబు ఈ రోజు పొద్దున పది గంటలకు చేరింది. అంగడి మూశానో లేదో గుర్తు లేదు. ఇప్పుడు నీకూ నాకూ మధ్య ఒక్క గోడ ఉంది. నువ్వు దగ్గితే నాకు వినిపిస్తోంది. మాట తప్పలేదు, నీ ముఖం ఇంకా చూడలేదు.

నువ్వు నవ్వింది ఎందుకో నాకు తెలుసు. సుత్తి జారలేదు.

ఆ రోజు నువ్వు తీయనని చేతులు కట్టుకుని నిలబడ్డావు. నాకు ఒళ్లు మండింది. నీ పువ్వును, నీ ముందరే, నువ్వు చూస్తుండగా పగలగొట్టాలని బలం కొద్దీ కొట్టాను. పెచ్చు ఎగురుతుందని తెలుసు. నువ్వు వంగి అడ్డం వస్తున్నావని కూడా చూశాను. చెయ్యి ఆపగలను. ఆపలేదు. నీకు తెలుసు, నాకు తెలుసు. మార్చిలో మాబున్నీ ఏం రాయాలని అడిగితే జారిందని నేను చెప్పాను. నువ్వు నా ముఖం కేసి ఒకసారి చూసి, ఉలి తీసుకుని చెక్కావు. మోషే తెచ్చిన పలకల మీద అబద్ధమాడొద్దని రాసి ఉందని ఊరూరా అరిచేవాడిని, నా అబద్ధాన్ని నీ చేత రాతి మీద చెక్కించాను. ఆ రాతినే కోర్టుకు మోసుకుపోయి ఇది నా డాలు అన్నాను. దాని వెనక దాక్కున్నది నేను. రాతి దెబ్బలు తిన్నది నువ్వు.

ఇంక దాక్కోను. ఇరవై ఒకటిన కోర్టులో నేనే చెబుతాను: కోపంతో కొట్టాను, కన్ను దెబ్బతింది, ఇదీ జరిగింది. ప్రేమ్ సాగర్‌కు ఫోనులో చెప్పాను. “అప్పా, నీకేమన్నా పిచ్చా? నిన్ను విడిపించుకునేదానికి నేనుంటే, ఇరికించుకునేదానికి నువ్వుండావా?” అన్నాడు. కోర్టు ఏం వేస్తే అది పడతాను. నువ్వు వచ్చి రాజీ అంటావో, అనవో, అది నీ ఇష్టం. ఆ మాట కోసం నేను రాలేదు. మా షెడ్డులో ఏమవుతుందని బెంగ పెట్టుకోవద్దు. నీ పీఠం నున్నగా లేదని గొడవ చేసినవాడు ఆ విరిగిన రేకు పక్కన నిలబడి ఏం చెప్పాలో నేర్చుకోవాలి ముందు.

దారిలో ఉండగానే నీ ప్రతివాదితో సమాధానపడు, త్వరపడు అని నా ప్రభువు చెప్పిన మాటను ఎన్ని ఊళ్లలో ప్రసంగించానో లెక్క లేదు. ఏ దారి అని ఎవరైనా అడిగితే ఆకాశం వైపు చెయ్యి చూపించేవాడిని. ఈ పొద్దు తెలిసింది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పోయే దారి. గంట ప్రయాణం.

అందుకని విను. నంద్యాలలో కంటి డాక్టరుతో మాట్లాడాను. సాయంత్రం ఐదు లోపల తీసుకొస్తే ఈ రోజే చేర్చుకుని, రేపు పొద్దున ఆపరేషన్ చేస్తానన్నాడు. ఇంకో వారం అంటే తాను మాట ఇవ్వలేనన్నాడు. ఎట్లా తగిలిందని అడిగితే జవాబు నేను చెబుతాను, రాసుకోనీ. నువ్వు నోరు మెదపాల్సిన పని లేదు.

మూడో వరస గురించి భయపడతావేమో, దానికీ ఉపాయం తెచ్చాను. కారులో ముందు సీటు నీది. నేను వెనక, మొహం మీద కండువా కప్పుకుని కూర్చుంటాను. మాబున్నీ నా పక్కన కూర్చుంటానంటోంది, గాజుల పెట్టెతో సహా. హారను కూడా తీసుకురా, కోడిపిల్లలు ఉంటే వాటితో సహా తీసుకురా. కన్ను బాగైనాక నీ ఉలి నాకివ్వు, కోర్టు వరండాకు పోయి ఆ మొదటి వరస కొట్టేసి, కోపంతో కొట్టానని నా చేత్తో నేనే చెక్కుతాను. వంకరగా వస్తుంది. రానీ.

ఇప్పుడు చేయాల్సింది చెబుతున్నాను. మాబున్నీ చేతిలోంచి కాగితం లాక్కుని మడిచి జేబులో పెట్టుకో. చెప్పులు తొడుక్కో. డాక్టరు రాసిచ్చిన చీటీ గూట్లో ఉందట, తీసుకో. తలుపు దగ్గరికి వెయ్యి, తాళం మాబున్నీ వేస్తుంది. ఆలోచిస్తూ కూర్చోవద్దు, సాయంత్రం చూద్దామనవద్దు, రేపనవద్దు. రెండు గంటలు కొట్టింది. కారు ఇంజను ఆపనివ్వలేదు. నేను కండువా కప్పేసుకున్నాను.

లే అన్నా. ఇప్పుడే, ఈ రోజే, బయటికి రా.

డేనియల్